ఒంట్లో వైరస్, చేతిలో కానుక: ఏ పని ఆపాలి, ఏ పని సాగించాలి

జ్వరమో దగ్గో పట్టుకున్న సమయంలో పండగ కానుకలు సిద్ధం చేసేవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే: ఈ చేతులతో చుట్టిన పెట్టె వెంట రోగం కూడా ప్రయాణం కడుతుందా? జవాబు ఒంట్లో ఉన్న వైరస్‌ను బట్టి మారిపోతుంది. జలుబు, ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వి (ముఖ్యంగా పసిపిల్లల ఊపిరిని ఇబ్బంది పెట్టే వైరస్) లాంటి శ్వాస వైరస్‌లయితే పెట్టెతో వచ్చే ముప్పు చాలా తక్కువ. ఆ పెట్టెను స్వయంగా తీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని పది నిమిషాలు కబుర్లు చెప్పడంలోనే అసలు ముప్పు ఉంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అయితే లెక్క తిరగబడుతుంది. రోగి గడప దాటకపోయినా, ఆ చేతుల మీదుగా వెళ్లిన తినుబండారం అవతలి ఇంటిల్లిపాదినీ మంచాన పడేయగలదు. ఈ తేడా తెలియక చాలామంది రెండింటికీ ఒకటే మంత్రం వేస్తారు, పెట్టె మీద శానిటైజర్ చల్లి ఊరుకుంటారు. మొదటి రకానికి అది అక్కర్లేని శ్రమ. రెండో రకం మీద అది సరిగా పనిచేయదు.

అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది ఒంట్లో ఉన్నది ఏమిటన్నది. పరీక్షకు వీలుంటే చేయించుకోవడం మేలు. లేకపోతే లక్షణాలను చూసి ఒక అంచనాకు రావచ్చు. ముక్కు, గొంతు, ఛాతీ ఇబ్బంది పెడుతుంటే శ్వాస వైరస్ అనుకోవాలి. హఠాత్తుగా వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలైతే కడుపు వైరస్ అనుకోవాలి. నీటి పొక్కులు, దద్దుర్లు కనిపిస్తే అది వేరే కథ, వైద్యుడు చూసేదాకా కానుకల పని కట్టిపెట్టాల్సిందే. దగ్గూ, విరేచనాలూ కలిసి ఉంటే రెండు జాగ్రత్తల్లో కఠినమైనదాన్నే పాటించాలి.

వస్తువు మీద వైరస్ ఎంతసేపు బతుకుతుంది

కోవిడ్ తొలిరోజుల్లో, 2020 మార్చిలో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ప్రయోగ ఫలితాలు ప్రపంచాన్ని హడలెత్తించాయి. ప్లాస్టిక్, స్టీలు మీద రెండు మూడు రోజుల దాకా బతికున్న వైరస్ దొరికింది. అట్ట మీద 24 గంటల తర్వాత, రాగి మీద 4 గంటల తర్వాత దొరకలేదు. జనం కూరగాయలను సైతం సబ్బుతో కడిగింది ఆ భయంతోనే. అయితే అదే ప్రయోగంలో ఉన్న మరో అంకెను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్లాస్టిక్ మీద వైరస్ సగానికి సగం తగ్గడానికి పట్టే సమయం సుమారు 6.8 గంటలు. ఆ లెక్కన ఒక రోజు గడిచేసరికి మిగిలేది పదకొండు పన్నెండు వంతుల్లో ఒక వంతు, మూడు రోజులకు పదిహేను వందల్లో ఒక వంతు. మూడో రోజున దొరికింది ఆ అడుగుబొడుగే. పైగా ప్రయోగశాలలో వేసే చుక్కలో వైరస్ దట్టంగా ఉంటుంది. దగ్గినప్పుడు పెట్టె మీద పడే తుంపరలో అంత ఉండదు.

ఫ్లూ విషయంలో ఇంకా పాత లెక్క ఉంది. 1982లో వెలువడిన ప్రయోగాల ప్రకారం ఆ వైరస్ స్టీలు, ప్లాస్టిక్ మీద 24 నుంచి 48 గంటలు నిలిచింది. గుడ్డ, కాగితం మీద 8 నుంచి 12 గంటల లోపే చచ్చిపోయింది. చేతికి అంటుకున్నాక అయిదు నిమిషాల్లోనే బాగా తగ్గిపోయింది. కానుకలు చుట్టేవాళ్లకు ఈ ఆఖరి సంగతి చాలా ముఖ్యం. వస్తువు మీద పడిన వైరస్ మరొకరిని చేరాలంటే అది ఎండిపోకుండా నిలవాలి, వేలికి అంటాలి, ఆ వేలు కాసేపట్లోనే కంటినో ముక్కునో నోటినో తాకాలి. అడుగడుగునా కొంత రాలిపోతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2021 ఏప్రిల్‌లో వేసిన అంచనా ప్రకారం, కోవిడ్ వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే రోగం వచ్చే అవకాశం సాధారణంగా పదివేలల్లో ఒకటి కంటే తక్కువ.

గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం ఇది: గుల్లగా ఉండి తడిని పీల్చుకునే కాగితం, గుడ్డ, అట్ట మీద శ్వాస వైరస్‌లు త్వరగా చస్తాయి. నున్నగా, గట్టిగా ఉండే ప్లాస్టిక్, గాజు, స్టీలు మీద ఎక్కువసేపు నిలుస్తాయి. కానుక చాలావరకు కాగితంలోనో అట్టపెట్టెలోనో ఉంటుంది కాబట్టి కాలమే సగం పని చేసిపెడుతుంది.

ఆగబెట్టే అర

శ్వాస వైరస్ ఉన్న ఇంట్లో కానుకలకు పనికొచ్చే ఏర్పాటు చాలా చిన్నది: ఒక ఖాళీ అర లేదా అట్టపెట్టె, ఒక పెన్సిల్. సిద్ధమైన ప్రతి వస్తువునూ కాగితపు సంచిలో పెట్టి, రోగి చెయ్యి చివరిసారి పడిన తేదీ, వేళ సంచి మీద రాయాలి. అక్కడినుంచి మూడు పూర్తి రోజులు, అంటే 72 గంటలు, ఎవరూ ముట్టుకోకూడదు. అందుకోబోయేవారు పసిబిడ్డో, కీమోథెరపీ చేయించుకుంటున్నవారో, అవయవ మార్పిడి జరిగినవారో అయితే వారం ఆగితే నిశ్చింత. మూడో రోజు రోగి మళ్లీ సంచి తెరిచి రిబ్బను సరిచేస్తే లెక్క మొదటికొస్తుంది. తేదీ రాయమనేది అందుకే. రాయకపోతే ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు.

ప్లాస్టిక్ సంచి కన్నా కాగితపు సంచి మెరుగు. మూతి బిగించిన ప్లాస్టిక్‌లో తడి నిలుస్తుంది, ఉన్ని వస్తువుకు ముక్కిపోయిన వాసన పడుతుంది. అరను గది వేడిమిలోనే ఉంచాలి. ఇక్కడ తెలివి ఎక్కువై కొందరు చేసే పని, వైరస్ చస్తుందని కానుకను ఫ్రీజర్‌లో పెట్టడం. చలి వైరస్‌ను చంపదు, దాచిపెడుతుంది. ప్రయోగశాలలు వైరస్ నమూనాలను భద్రపరిచేది గడ్డకట్టే చలిలోనే. కోవిడ్ వైరస్‌ను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి చూస్తే రెండు వారాల తర్వాత కూడా పెద్దగా తగ్గలేదు. 70 డిగ్రీల దగ్గర మాత్రం అయిదు నిమిషాల్లో జాడ లేకుండా పోయింది. అలాగని కానుకను ఓవెన్‌లో పెట్టే పని లేదు, టేపు జిగురు కరిగి, ప్లాస్టిక్ వంకర్లు పోతుంది. వైరస్‌ను చంపడానికి ఇంట్లో తిప్పే యూవీ (అతినీలలోహిత) కాంతి కర్రల జోలికి కూడా పోనక్కర్లేదు. మడతల్లోకి, నీడలోకి ఆ కాంతి చేరదు, కంటికి, చర్మానికి మాత్రం హాని చేస్తుంది.

లక్షణాలు మొదలవడానికి ముందు చేసిన వస్తువుల సంగతేమిటి? ఫ్లూ వచ్చినవాళ్లు జ్వరం మొదలవడానికి ఒక రోజు ముందునుంచే వైరస్‌ను వదులుతుంటారు, కోవిడ్‌లో ఒకటి రెండు రోజుల ముందునుంచి. అందువల్ల పడకెక్కడానికి రెండు రోజుల ముందు చుట్టిన పెట్టెలను కూడా అదే అరలోకి చేర్చాలి. అంతకు ముందువాటి గురించి బెంగ అక్కర్లేదు.

చుట్టే బల్ల దగ్గర

ఆగబెట్టడం కుదిరితే బల్ల దగ్గర పెద్ద హంగామా అవసరం లేదు. పండగ రేపో ఎల్లుండో అయితే మాత్రం చేతిపని శుభ్రంగా ఉండాలి. మొదలుపెట్టే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. దగ్గినా, ముక్కు చీదినా మళ్లీ కడగాలి. మాస్కు పెట్టుకోవాలి, తడిసిపోతే మార్చుకోవాలి. వాడేసిన టిష్యూలకు మూత ఉన్న బుట్ట బల్ల కింద ఉండాలి, కత్తెర పక్కన కాదు. సబ్బుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే కోవిడ్, ఫ్లూ, ఆర్‌ఎస్‌వి వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను చీలుస్తుంది, వైరస్ పనికిరాకుండా పోతుంది. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌కు ఆ పొర లేదు. అక్కడ సబ్బు చేసే పని వైరస్‌ను చర్మం మీదనుంచి ఊడబెరికి నీళ్లలో కొట్టుకుపోయేలా చేయడం. అందుకే రుద్దడం, పారే నీళ్లు రెండూ ముఖ్యం. సబ్బు, నీళ్లు అందుబాటులో లేనప్పుడు కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడొచ్చు.

గ్లవ్స్ వేసుకుంటే చాలనుకునేవారికి ఒక మాట. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి కూడా కారే ముక్కు దగ్గరకే వెళ్తుంది. చేతిని కడిగినంత తరచుగా గ్లవ్స్‌ను ఎవరూ మార్చరు. శ్వాస వైరస్ విషయంలో కడిగిన ఉత్త చేతులే నయం.

చేతులకన్నా మోసం చేసేది నోరు. టేపు ముక్కను పళ్లతో తెంపడం, కవరు జిగురును నాలుకతో తడపడం, సూదిలోకి ఎక్కించే దారాన్ని పెదాల మధ్య పెట్టి మొన చేయడం, రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు రిబ్బను కొసను పెదాలతో పట్టుకోవడం, అంటుకున్న కాగితపు సంచి మూతిని ఉఫ్ అని ఊది విప్పడం లాంటివన్నీ ఆలోచన లేకుండా జరిగిపోయే పనులు. ఉమ్ములో వైరస్ నేరుగా ఉంటుంది, తుంపరలా పలచగా కాదు. మార్గం తేలికే. టేపు కోసం కోత పళ్లున్న స్టాండు, కవర్ల కోసం తడి స్పాంజి లేదా సొంత జిగురున్న కవర్లు, దారానికి చిన్న గిన్నెలో నీళ్లు. బుడగలు ఊదడం పూర్తిగా మానాలి, లేదా చేతి పంపు వాడాలి. పిల్లలకిచ్చే ఈల, మౌత్ ఆర్గాన్, పిల్లనగ్రోవి పనిచేస్తుందో లేదో చూడటానికి ఒకసారి ఊదాలనిపిస్తుంది. ఆ ఒక్క ఊదే అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే అందుకున్న పిల్లవాడు పెట్టె తెరవగానే చేసే మొదటి పని అదే. లిప్‌బామ్, పెర్ఫ్యూమ్ లాంటివి కూడా తెరిచి చూడకుండా ఇవ్వాలి.

బల్ల ఉన్న గది సంగతి కూడా చూడాలి. కానుక మీదకన్నా ఆ గదిలో పక్కన కూర్చుని సాయం చేస్తున్న మనిషి మీదే గాలి ప్రభావం ఎక్కువ. సాయం పేరుతో ఇద్దరూ మూసిన గదిలో రెండు గంటలు కూర్చుంటే, ఆ మనిషి రేపు తన కానుకలతో పాటు వైరస్‌ను కూడా పంచుతారు. కిటికీలు తెరిచిన గదిలో రోగి ఒక్కరే పని చేయడం, లేదా పని మొత్తం మరొకరికి అప్పగించి పక్క గదిలోంచి చెప్పడం, ఈ రెండింట్లో ఏదైనా సరే, కలిసి కూర్చోవడం మాత్రం వద్దు. సాయం చేసేవారు ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఫ్లూ బయటపడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, ఆర్‌ఎస్‌వికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఒకే ఇంట్లో ఉంటున్నవారి చేతిపనికీ అదే అర, అదే 72 గంటలు.

ఏ వస్తువును ఎలా శుభ్రం చేయాలి

ఆగే వ్యవధి లేనప్పుడు తుడవాలి, చల్లకూడదు. చల్లిన శానిటైజర్ కాగితంలోకి ఇంకి రంగు కారుతుంది, టేపు ఊడుతుంది, అట్ట ఉబ్బుతుంది. గాజు, స్టీలు, పింగాణీ వస్తువులకు సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డ చాలు, తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి. ఫోను, హెడ్‌ఫోన్ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువులను ఆపేసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుడుపు వాడాలి. రంధ్రాల్లోకి తడి దిగకూడదు, బ్లీచ్ దగ్గరకు రానివ్వకూడదు. 99 శాతం ఆల్కహాల్ ఇంకా గట్టిగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. నీరు లేని ఆల్కహాల్ వైరస్ మాంసకృత్తులను విరిచేలోపే ఆవిరైపోతుంది. 70 శాతంలో ఉన్న నీరే దానికి పని చేసే వ్యవధినిస్తుంది.

అద్దంలా మెరిసే యాక్రిలిక్ ఫొటో ఫ్రేములకు ఆల్కహాల్ పడదు, సన్నని పగుళ్లు తేలి పొగమంచు పట్టినట్టవుతాయి. వాటికి సబ్బునీళ్లే. తోలు పర్సులు, బెల్టులు ఆల్కహాల్‌తో ఎండిపోయి రంగు తేలుతాయి, వాటిని అరలో ఆగబెట్టడమే మేలు. పుస్తకాలు కూడా అంతే. అట్టను పొడిగుడ్డతో తుడిచి ఊరుకోవాలి, పేజీలను తడపకూడదు.

చేతితో అల్లిన స్వెటర్లు, టోపీలు, మఫ్లర్ల విషయంలో ఒక చిక్కుంది. రోగపు రోజుల్లో తోచుబాటు కాక అల్లుతూ కూర్చునేవాళ్లు చాలామంది. ఆ అల్లిక గంటల తరబడి ఒళ్లోనే, ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. తుంపరలు పడటానికి అంతకన్నా అనువైన చోటు లేదు. గుడ్డ మీద శ్వాస వైరస్‌లు త్వరగానే చస్తాయి కాబట్టి అల్లడం మానక్కర్లేదు. చివరి ముడి వేశాక ఒకసారి ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే చుట్టాలి. ఎలాగూ అల్లికను తడిపి, ఆకారానికి సాగదీసి ఆరబెట్టడం ఆ పనిలో చివరి మెట్టే కాబట్టి అదనపు శ్రమ లేదు. ఉన్నిని వేడినీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది, గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు చాలు. పసిబిడ్డ కోసం అల్లినదైతే ఉతికాక మరో మూడు రోజులు ఆగాలి. ఆర్‌ఎస్‌వి చాలామంది పెద్దవాళ్లకు మామూలు జలుబులా వచ్చి పోతుంది గానీ, నెలల పిల్లలకు ఊపిరి ఆడకుండా చేసి ఆసుపత్రి పాలు చేయగలదు. నోట్లో పెట్టుకునే బొమ్మలను కూడా పెట్టెలో సర్దే ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

కడుపు వైరస్ వేరే లోకం

నోరోవైరస్ దగ్గరకొచ్చేసరికి పైన చెప్పిన ఊరటలు చాలావరకు చెల్లవు. దానికి కొవ్వు పొర లేదు కాబట్టి శానిటైజర్ సరిగా పనిచేయదు. రోగం రావడానికి వందలోపు వైరస్ కణాలు చాలు. రోగి మలంలో, వాంతిలో అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. వస్తువుల మీద రోజుల నుంచి వారాల దాకా నిలుస్తుంది, కాబట్టి 72 గంటల అర దీనికి సరిపోదు. సుమారు 60 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. వాంతి చేసుకున్నప్పుడు కంటికి కనిపించని తుంపర కొన్ని అడుగుల దూరం ఎగురుతుంది. ఆ గదిలో విప్పి ఉన్న కానుకలు, రంగు కాగితాలు, అల్లికలు ఏవీ శుభ్రంగా లేనట్టే లెక్క.

వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో కానుకల పని పూర్తిగా ఆపాలి, మరో మార్గం లేదు. అవి పూర్తిగా తగ్గాక కనీసం 48 గంటలు గడవాలి. ఆ తర్వాత కూడా రెండు వారాలో అంతకన్నా ఎక్కువో మలంలో వైరస్ పోతూనే ఉంటుంది, అందుకే మరుగుదొడ్డికి వెళ్లొచ్చిన ప్రతిసారీ సబ్బుతో కడగడం తప్పదు. పని మొదలుపెట్టే ముందు బల్లను, కత్తెరను, టేపు స్టాండును, తలుపు గొళ్లేన్ని బ్లీచ్ నీళ్లతో తుడవాలి. సీసా మీద 5 శాతం అని ఉంటే, లీటరు ద్రావణంలో 20 మిల్లీలీటర్ల బ్లీచ్ ఉంటే వెయ్యి పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు), 100 మిల్లీలీటర్లు ఉంటే అయిదు వేల పీపీఎం. పైకి శుభ్రంగా ఉన్న బల్లకు మొదటిది, వాంతి పడిన చోటుకు రెండోది. వరుస తప్పితే ఫలితం ఉండదు. ముందు మురికిని తుడిచి పారేయాలి, సబ్బుతో కడగాలి, ఆ తర్వాతే బ్లీచ్ పూసి కనీసం అయిదు నిమిషాలు తడిగా ఉండనివ్వాలి, చివర మంచినీళ్లతో తుడవాలి. మురికి మీదే బ్లీచ్ పోస్తే క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా రాదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే బలం తగ్గుతాయి, రోజూ కొత్తగా కలపాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గానీ, అమ్మోనియా ఉన్న ద్రావణంతో గానీ బ్లీచ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. కిటికీ తెరిచి ఉంచే ఈ పని చేయాలి.

బ్లీచ్ పెట్టడానికి వీల్లేని కానుక ఆ గదిలో ఉండిపోతే? గుడ్డదైతే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, ఎక్కువసేపు ఉతికి, బాగా వేడిగా ఆరబెట్టాలి. కాగితాలను, రిబ్బన్లను పారేయాలి. సీలు వేసిన పెట్టెలో ఉన్నది సురక్షితమే, పైన చుట్టిన కాగితం ఒక్కటి మార్చాలి.

తినే కానుకలు

తినుబండారాల విషయంలో అందరూ నమ్మేది ఓవెన్‌ను. ఓవెన్ తన పని బాగానే చేస్తుంది. నిండుగా కాలిన కేకు లోపల 90 డిగ్రీలు దాటుతుంది, అక్కడ వైరస్ మిగలదు. తప్పు జరిగేది కాల్చాక. చల్లారిన బిస్కెట్లను చేత్తో ఏరి డబ్బాలో పేర్చడం, పైన క్రీము పూయడం, పంచదార చల్లడం, ముక్కలు కోసి కాగితం చుట్టడం అన్నీ వేడి తగిలాక జరిగే పనులే, ఆ తర్వాత మరో వేడి తగలదు. కరిగించిన చాక్లెట్‌లో ముంచితే వేడి తగిలినట్టే కదా అనుకోవచ్చు. చాక్లెట్ కరిగించేది 45, 50 డిగ్రీల దగ్గర. నోరోవైరస్‌కు అది లెక్కే కాదు. సీసాలో పొరలు పొరలుగా పిండి, పంచదార, గింజలు పోసి, ఇంటికెళ్లి కాల్చుకోండని ఇచ్చే కానుక కూడా ఈ రోజుల్లో వద్దు. పచ్చి పిండిని వేలితో రుచి చూసేవారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

కాబట్టి నోరోవైరస్ ఉన్నవారు చివరి లక్షణం పోయాక కనీసం 48 గంటలు ఇతరుల కోసం వంటింట్లోకి వెళ్లకూడదు. తిండి ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ ఎ వైరస్ అయితే గడువు ఇంకా ఎక్కువ, కామెర్లు కనిపించాక కనీసం ఒక వారం. ఆ వైరస్‌ను చంపాలంటే ఆహారం అంతటా 85 డిగ్రీల వేడి ఒక నిమిషం తగలాలి. కామెర్లు బయటపడటానికి రెండు వారాల ముందునుంచే రోగి వైరస్‌ను వదులుతుంటారు కాబట్టి, ఆ రెండు వారాల్లో చేసిచ్చిన తినుబండారాల సంగతి వైద్యుడికి చెప్పాలి. తిన్నవారికి టీకా అవసరం కావచ్చు, అది తిన్న రెండు వారాల లోపు పడితేనే ఉపయోగం.

ఫ్లూ, కోవిడ్‌లు తిండి ద్వారా సోకినట్టు ఆధారాలు లేవు. అయినా ముక్కు కారుతున్నప్పుడు పంచే వంట చేయకపోవడానికి వేరే కారణం ఉంది. దాదాపు మూడో వంతు మంది ముక్కులో స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. తుమ్ముతోనో, ముక్కు తుడిచిన చేతితోనో అది క్రీములో, పాల పదార్థాల్లో పడితే గది వేడిమిలో పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. జలుబుకు జడిసి కాకపోయినా దీనికైనా జడవాలి. తినేదే ఇవ్వాలనుకుంటే దుకాణంలో సీలు వేసిన డబ్బా ఉత్తమం.

కోవిడ్‌లో వాసన పోయినవాళ్లకు మరో చిక్కు. నూనె ముక్కిందో లేదో, పాలు విరిగాయో లేదో, అడుగంటిందో లేదో తెలియదు. వాసన కొవ్వొత్తుల్లో, సబ్బుల్లో అత్తరు ఎంత పోశారో కూడా తెలియదు. తక్కువైందనుకుని రెట్టింపు పోస్తారు, అందుకున్నవారికి తలనొప్పి మిగులుతుంది. కొలిచి పోయాలి, ముక్కును నమ్మకూడదు.

జ్వరం చేసే పొరపాట్లు

అంటువ్యాధి గోలలో రోగి చేతి క్షేమాన్ని ఎవరూ పట్టించుకోరు. జలుబు మందుల్లో నిద్ర తెప్పించేవి చాలా ఉన్నాయి. ఆ మత్తులో గ్లూ గన్, మైనం కరిగించే గిన్నె, సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా ముట్టుకోవడం ప్రమాదం. గ్లూ గన్ మొన 190 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కరిగిన జిగురు వేలికి అంటితే ఊడిరాదు, కాలుస్తూనే ఉంటుంది. జ్వరం ఉన్నన్నాళ్లూ చేయదగినవి కూర్చుని చేసేవే: ఎవరికి ఏమివ్వాలో జాబితా, కొలతలు, ఆన్‌లైన్ ఆర్డర్లు, కార్డు మీద రాసే మాటల చిత్తుప్రతి. చిరునామాలు రాయడం కూడా తలనొప్పి తగ్గాకే మంచిది. జ్వరంలో రాసిన పిన్‌కోడ్‌ను మర్నాడు మరొకరు సరిచూడాలి.

పారాసిటమాల్ వేసుకున్న రెండు గంటలకు ఒళ్లు తేలికపడి, రోగం తగ్గిపోయిందనిపిస్తుంది. తగ్గింది వేడి ఒక్కటే. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పడితేనే నలుగురిలోకి వెళ్లొచ్చని సీడీసీ 2024 మార్చిలో చెప్పింది. ఆ తర్వాత కూడా మరో అయిదు రోజులు మాస్కు, గాలి, దూరం జాగ్రత్తలు పాటించమంది. కానుకలు పంచే తిరుగుడుకూ ఇదే కొలబద్ద.

చేతికందించే వేళ

ఇన్ని జాగ్రత్తలతో సిద్ధం చేసిన కానుకను స్వయంగా మోసుకెళ్లి, తలుపు దగ్గర ఆలింగనం చేసుకుంటే మొత్తం శ్రమ బూడిదలో పోసినట్టే. శ్వాస వైరస్‌కు అసలు రహదారి ఆ మూడడుగుల గాలే. కొరియర్‌లో పంపితే దారిలో పట్టే రెండు మూడు రోజులు అర చేసే పనిని ఉచితంగా చేసిపెడతాయి. దగ్గర్లోనే ఉంటే గుమ్మం బయట పెట్టి, ఫోను చేసి, వెనక్కి వచ్చేయాలి. అందుకున్నవారు పైకాగితం విప్పి బుట్టలో వేసి, చేతులు కడుక్కుంటే చాలు, పెట్టెను కడగనక్కర్లేదు. పెట్టె విప్పుతుంటే వాళ్ల ముఖాలు చూడాలనిపిస్తే వీడియో కాల్ ఉంది.

దద్దుర్ల రోగాలకు గడువులు వేరు. ఆటలమ్మలో పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, తట్టులో దద్దుర్లు కనిపించాక నాలుగు రోజుల దాకా ఎవరినీ కలవకూడదు. తట్టు రోగి వెళ్లిపోయిన గది గాలిలో కూడా రెండు గంటల దాకా వైరస్ ఉంటుంది. కానుక తీసుకోవడానికి ఆ గదిలోకి వచ్చినవారికీ ముప్పే, ముఖ్యంగా టీకా పడని పిల్లలకు, గర్భిణులకు. ఎంపాక్స్ (ఇదివరకు మంకీపాక్స్ అనేవారు) వైరస్ మాత్రం దుప్పట్లు, దుస్తులను పట్టుకుని రోజుల తరబడి ఉండగలదు. ఆ రోగి వాడిన గదిలోని గుడ్డ కానుకలను దులపకుండా తీసి ఉతకాలి.

కానుక వెళ్లిపోయాక రోగం బయటపడితే దాచకుండా చెప్పాలి. శ్వాస వైరస్ అయి, కానుక మాత్రమే చేరి ఉంటే, చేతులు కడుక్కోమని చెబితే సరిపోతుంది. ఎదురుపడి ఇచ్చి ఉంటే, కలిసిన తేదీ చెప్పి, ఆ ఇంట్లో వృద్ధులో పసిపిల్లలో ఉన్నారేమో అడగాలి. ఫ్లూ, కోవిడ్ మందులు మొదటి రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి కాబట్టి ఆ కబురు ఒక రోజు ముందు చేరినా విలువే. వాంతులు మొదలవడానికి ముందు రోజు పంపిన తినుబండారమైతే పారేయమని చెప్పాలి. ఇప్పటికే తిని ఉంటే 12 నుంచి 48 గంటల్లో లక్షణాలు కనిపించవచ్చు. ఆ రెండు రోజులూ వాళ్లు కూడా ఇతరుల కోసం వండకుండా ఉండాలి, మరుగుదొడ్డి శుభ్రానికి బ్లీచ్ సిద్ధంగా పెట్టుకోవాలి.